మొదటి ట్యూబ్ ఆంప్లిఫయర్ కిట్: వాట్లు కాదు, ట్రాన్స్‌ఫార్మర్ చూసి కొనాలి

సంపాదకులకు నమస్కారం.

గిటార్ వాయించే కుర్రవాళ్ళు ట్యూబ్ ఆంప్లిఫయర్లను, అంటే పాత రేడియోల్లోలాగా గాజు వాల్వులతో నడిచేవాటిని, కిట్ల రూపంలో తెప్పించుకుని ఇంట్లోనే తయారు చేసుకుంటున్నారని మీ పత్రిక తిరుపతి సంచికలో ఈమధ్య ఒక వ్యాసం వచ్చింది. రేణిగుంట చుట్టుపక్కల పెద్దపెద్ద ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు వెలిసిన ఈ రోజుల్లో కూడా, ఒక్కొక్క తీగనూ చేత్తో సాల్డర్ చేసి ఒక వస్తువును పలికించాలన్న కోరిక పిల్లల్లో మిగిలి ఉన్నందుకు, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ లాబ్ నడిపినవాడిగా సంతోషించాను. అయితే కొత్తవారికి ఆ వ్యాసం చెప్పిన సలహాల్లో రెండింటితో నేను ఏకీభవించలేను. కొనేదేదో ఎక్కువ వాట్ల కిట్ కొంటే ముందుముందు కచేరీలకు కూడా పనికొస్తుందన్నది ఒకటి. కిట్ కొనే స్తోమత లేనివారు అటక మీది పాత వాల్వు రేడియోను గిటార్ ఆంప్‌గా మార్చుకోవచ్చన్నది రెండోది. మొదటి సలహా వింటే డబ్బు దండగ, రెండోది వింటే ప్రాణం మీదికి వస్తుంది.

రెండో దానితోనే మొదలుపెడతాను. మన ఇళ్ళలో ఒకప్పుడు మోగిన వాల్వు రేడియోలు రెండు రకాలు. ఏసీ సెట్లలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది కాబట్టి లోపలి సర్క్యూట్‌కూ వీధి కరెంటుకూ నేరుగా సంబంధం ఉండేది కాదు. ఏసీ/డీసీ సెట్లలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ లేదు; వాల్వులను లోపలి నుంచి వేడిచేసే హీటర్లన్నింటినీ వరసగా కలిపి నేరుగా మెయిన్స్ మీద నడిపేవారు, ఇనప చాసీ (భాగాలన్నీ బిగించిన చట్రం) కరెంటు లైనులోని రెండు తీగల్లో ఒకదానికి కలిసి ఉండేది. రెండు పుల్లల ప్లగ్గును ఒక తీరుగా పెడితే చాసీ న్యూట్రల్ మీద ఉంటుంది, తిప్పి పెడితే ఫేజ్ మీద ఉంటుంది. రేడియోగా ఉన్నంతకాలం చెక్క పెట్టె, వెనక అట్ట, బేకలైట్ నాబులు మనిషిని కాపాడతాయి. అదే సెట్టుకు గిటార్ జాక్ బిగించారంటే, గిటార్ మీది ఇనప తీగలు అవి ఆనుకునే బ్రిడ్జి ద్వారా జాక్ గ్రౌండుకూ, అక్కడి నుంచి చాసీకీ కలిసిపోతాయి. అంటే ప్లగ్గు తిరగబడి పడినప్పుడు వాయించేవాడి వేళ్ళు 230 వోల్టుల మీద ఉంటాయి. సెట్టు ఏ రకమో వాల్వు మీది మొదటి అక్షరం చెబుతుంది. యూసీహెచ్81, యూఎల్84, యూవై85 అని ‘యూ’తో మొదలైతే అవి 100 మిల్లీఆంపియర్ల మీద వరసగా నడిచే హీటర్లు, యూఎల్84 హీటరు ఒక్కటే 45 వోల్టులు తీసుకుంటుంది. ఈఎల్84 అని ‘ఈ’తో మొదలైతే 6.3 వోల్టుల హీటరు, కనుక అక్కడ సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అయినా వెనక అట్ట తీసి కళ్ళతో చూడనిదే నమ్మకూడదు. ఇది పాత రేడియో మెకానిక్కులందరికీ తెలిసిన విషయమే కానీ, ఆ దుకాణాలు మూతబడ్డాక పుట్టిన పిల్లలకు చెప్పేవారు లేరు. రేడియోను రేడియోగానే ఉండనివ్వండి.

ఇక వాట్ల సంగతి. మన చెవి వాట్లను కూడికల లెక్కన వినదు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే. 5 వాట్ల ఆంప్ పక్కన 50 వాట్ల ఆంప్ పెట్టి వింటే పది రెట్లు గట్టిగా వినిపించదు, ఇంచుమించు రెండింతలు గట్టిగా ఉన్నట్టు తోస్తుంది, అంతే. స్పీకర్ తేడా అంతకంటే ముఖ్యం: ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇచ్చే 8 అంగుళాల స్పీకర్ తీసి, 97 ఇచ్చే 12 అంగుళాల స్పీకర్ పెడితే ఆ 5 వాట్లే 25 వాట్లలా మోగుతాయి. పైగా జనం ట్యూబ్ ఆంప్ కోరుకునేదే, వాల్వు తన హద్దు దాటబోయేటప్పుడు స్వరం మెల్లగా చిట్లి గరుకెక్కే ఆ గుణం కోసం. 5 వాట్ల ఆంప్‌లో ఆ స్థితి గదిలో వాయించేటప్పుడే వస్తుంది. 50 వాట్లలో అది రావాలంటే పక్క ఫ్లాటువాళ్ళు తలుపు తట్టేంత దాకా పెంచాలి. కచేరీ సంగతంటారా, చిన్న ఆంప్ ముందు ఒక మైకు పెట్టి హాలులోని సౌండ్ సిస్టమ్‌కు ఇస్తే సరిపోతుంది. పెళ్ళి ఆర్కెస్ట్రాలలోనూ చర్చి పాటలలోనూ ఇంతకాలం జరుగుతున్నది అదే.

అలాంటి చిన్న ఆంప్‌లలో మొదటి కిట్‌గా నేను ఎవరికైనా చెప్పేది ఫెండర్ కంపెనీ 1950ల నాటి ‘చాంప్’ ఆంప్, అందులోనూ 5ఎఫ్1 అనే సర్క్యూట్. ఆ పేటెంట్ల కాలం ఎప్పుడో దాటిపోయింది, సర్క్యూట్ బొమ్మ అందరికీ అందుబాటులో ఉంది, దాన్ని అనుసరించి అమెరికాలోనూ ఐరోపాలోనూ పలు సంస్థలు కిట్లు అమ్ముతున్నాయి. ఇందులో ఒక 12ఏఎక్స్7 వాల్వు, ఒక 6వి6 వాల్వు, కరెంటును డీసీగా మార్చే ఒక 5వై3 వాల్వు ఉంటాయి. రెసిస్టర్లు, కెపాసిటర్లు అన్నీ కలిపినా పాతికకు మించవు. గిటార్ నుంచి వచ్చిన సంకేతం 12ఏఎక్స్7లోని మొదటి సగంలో పెద్దదవుతుంది, వాల్యూమ్ కంట్రోల్ దాటి రెండో సగంలో ఇంకా పెద్దదవుతుంది, 6వి6 దానికి బలం ఇచ్చి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా స్పీకర్‌కు పంపుతుంది. ఒక విద్యార్థి ఒక్క పూటలో ఈ మార్గమంతా వేలితో చూపిస్తూ చెప్పగలడు. మొదటి కిట్‌కు ఇంతకంటే పెద్ద అర్హత నాకు కనిపించదు, ఎందుకంటే ఆంప్ పలకనప్పుడు ఎక్కడ ఆగిపోయిందో వెతకగలిగేది ఆ మార్గం తెలిసినవాడే. ఆ సర్క్యూట్‌ను తయారు చేయించిన లియో ఫెండర్ కూడా 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు దుకాణం పెట్టి పైకి వచ్చినవాడే కాబట్టి, రిపేరు చేసేవాడి కష్టం తెలిసిన మనిషి పని అందులో కనబడుతుంది.

దాని లోపాలు కూడా చెప్పాలి. ఒక్క వాల్యూమ్ నాబు తప్ప టోన్ కంట్రోళ్ళు లేవు. డ్రమ్స్ పక్కన స్వచ్ఛంగా వినబడేంత బలం లేదు. స్వరం చిట్లకుండా సన్నగా వాయించేవారికి అది నచ్చకపోవచ్చు. అలాంటివారు 5ఈ3 అనే ‘డీలక్స్’ కిట్ చూడవచ్చు. రెండు 6వి6లు ఎదురెదురుగా పనిచేస్తూ 12 నుంచి 15 వాట్ల దాకా ఇస్తాయి, టోన్ నాబు ఉంటుంది, దానిలోనూ కేథోడ్ బయాస్ (వాల్వు గుండా పోయే కరెంటు ఒక రెసిస్టరు వల్ల దానంతటదే కుదురుకునే ఏర్పాటు) కాబట్టి బయాస్ సర్దే తలనొప్పి ఉండదు. కాస్త సాల్డరింగ్ అలవాటున్నవారికి ఇది మొదటి కిట్‌గా కూడా తప్పేమీ కాదు. ఈఎల్84 వాల్వు ఒక్కదానితో నడిచే 5 వాట్ల లోపు చిన్న కిట్లు కూడా ఉన్నాయి, అవీ మంచివే. కానీ ‘బాస్‌మన్’ 5ఎఫ్6-ఏ, దాన్ని చూసి 1962లో లండన్‌లోని జిమ్ మార్షల్ దుకాణంలో రూపుదిద్దుకున్న జేటీఎమ్45, స్ప్రింగ్ రివర్బ్, ట్రెమొలో రెండూ ఉన్న ‘ప్రిన్స్‌టన్ రివర్బ్’ వంటివి మొదటిసారికి వద్దు. వాటి పేరు గొప్పదే, వాటి మోత విన్నవారికి మోజు పుట్టడమూ సహజమే. అయితే వాటిలో తీగలు ఎక్కువ, వోల్టేజీ ఎక్కువ, అవుట్‌పుట్ వాల్వులకు బయాస్ సర్దాల్సి ఉంటుంది. ఒక తప్పు జరిగితే అది వందచోట్ల ఎక్కడైనా ఉండవచ్చు.

కిట్లు అమ్మే సంస్థను ఎంచుకునేటప్పుడు వస్తువులకంటే ముందు పుస్తకం చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. మంచి సంస్థలు తమ కిట్‌తో వచ్చే సూచనల పుస్తకాన్ని డబ్బు కట్టకముందే చదువుకోనిస్తాయి. అందులో సర్క్యూట్ బొమ్మ ఒకటి, ఏ తీగ ఏ పిన్నుకు పోతుందో చాసీ లోపలి అమరికను చూపే బొమ్మ ఒకటి, విడివిడిగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఆంప్ నడిచేటప్పుడు ప్రతి వాల్వు ప్రతి పిన్ను దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలో చెప్పే పట్టిక ఉండాలి. ఆ పట్టిక లేని కిట్‌ను, అది ఎంత చౌకగా వచ్చినా, నేను ఎవరికీ సిఫారసు చేయను; సర్క్యూట్ పేరు కూడా చెప్పకుండా ఆన్‌లైన్‌లో అమ్మే ప్రింటెడ్ బోర్డు కిట్లనూ అంతే. వాల్వు సాకెట్టును నేరుగా ప్రింటెడ్ బోర్డుకే అతికిస్తే ఏళ్ళ తరబడి వేడికి రాగిపట్టీలు ఊడిరావడం సాధారణం. ఒక్క భాగం మార్చాలన్నా బోర్డు మొత్తం విప్పాలి. ఐలెట్ బోర్డు, టరెట్ బోర్డు, మన రేడియోలలో ఉండే ట్యాగ్ స్ట్రిప్పు, ఈ మూడింటిలో ఏదైనా సరే, భాగాలు వరసగా కళ్ళముందు పరచుకుని ఉంటాయి, తప్పు జరిగితే ఒక చివర విప్పి సరిచేయవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇలాంటి కిట్లలో ఎక్కువ భాగం అమెరికా వాడకందారుల కోసం తయారైనవి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్, మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. 120 వోల్టుల ప్రైమరీ (కరెంటు లోపలికి వచ్చే వైపు చుట్టు; బయటికి ఇచ్చేది సెకండరీ) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను మన ప్లగ్గులో పెడితే ఫ్యూజు పోవడంతో ఆగితే అదృష్టమే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని మధ్యలో పెట్టుకుంటే చాలదా అని కొందరు అడుగుతారు. వోల్టేజీ సరిపోతుంది కానీ ఫ్రీక్వెన్సీ సరిపోదు: కేవలం 60 హెర్ట్జ్ కోసం పొదుపుగా చేసిన ఇనప కోరులో 50 హెర్ట్జ్ మీద అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేంతగా వేడెక్కవచ్చు, గుయ్‌మని హమ్ కూడా చేస్తుంది. అందుకే ఆర్డరు పెట్టేటప్పుడే 50 హెర్ట్జ్‌కు పనికివచ్చే 230 లేదా 240 వోల్టుల ప్రైమరీ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలని రాతపూర్వకంగా అడగాలి. చాలా సంస్థలు పలు వోల్టేజీలకు విడివిడి తీగలు, అంటే ట్యాపులు, ఉన్న ఎగుమతి రకాన్ని ఇస్తాయి. జర్మనీ, ఇంగ్లండు నుంచి వచ్చే కిట్లలో సహజంగానే 230, 240 వోల్టుల ఏర్పాటు ఉంటుంది.

ట్యాపులు రెండు మూడు ఉంటే ఏది వాడాలన్నది ఇంటి కరెంటును బట్టి తేల్చుకోవాలి. మల్టీమీటర్‌తో పగలూ రాత్రీ కొన్నాళ్ళు కొలిచి చూస్తే తెలుస్తుంది. పట్టణంలో అర్ధరాత్రి దాటాక 250 వోల్టుల దాకా ఎగబాకే వీధులున్నాయి, బోర్లు నడిచే వేళ పల్లెల్లో 200కు పడిపోయే ఫీడర్లూ ఉన్నాయి. వాల్వు హీటరు 6.3 వోల్టులకు పది శాతం అటూ ఇటూ తట్టుకుంటుంది, అంటే 5.7 నుంచి 6.9 దాకా. 240 వోల్టుల ట్యాపు వాడితే 230 దగ్గర హీటరుకు 6 వోల్టులు, 250 దగ్గర 6.6 వోల్టులు అందుతాయి, రెండూ క్షేమమే. 220 వోల్టుల ట్యాపు వాడితే 250 దగ్గర 7.2కు పోతుంది, వాల్వుకు ఆయుష్షు తగ్గుతుంది. కనుక తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో 240 ట్యాపే మేలు. కరెంటు తరచుగా 200కు దిగే ఊళ్ళో ట్యాపు మార్చి ప్రయోజనం లేదు, స్టెబిలైజర్ ఉండాలి.

కిట్ ధర అమెరికాలో కొన్ని వందల డాలర్లు ఉంటుంది. దాని బరువంతా ట్రాన్స్‌ఫార్మర్లదీ స్పీకరుదీ కాబట్టి రవాణా ఖర్చు, దానిపైన దిగుమతి సుంకం, జీఎస్టీ కలిస్తే లెక్క ఎక్కడికో పోతుంది. అందువల్ల బరువైనవి ఇక్కడే సమకూర్చుకుని బోర్డు, చిన్న భాగాలు, వాల్వులు మాత్రం తెప్పించుకునే పద్ధతి ఆలోచించదగ్గదే. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించడం మనకు కొత్త కాదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొలతలు ఇస్తే చుట్టించి ఇచ్చేవారు దొరుకుతారు. బోరు మోటార్లు ఇన్ని ఉన్న చిత్తూరు జిల్లాలో ప్రతి మండల కేంద్రంలోనూ వైండింగ్ షాపు ఉంటుంది కదా, అక్కడే చుట్టిస్తే పోదా అని పిల్లలు అడుగుతారు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో మాత్రం ఒప్పుకోను. చాంప్ తరహా ఆంప్‌లో దాని ప్రైమరీ గుండా ఎప్పుడూ 40 మిల్లీఆంపియర్ల వరకు డీసీ ప్రవహిస్తూనే ఉంటుంది. కోరు ఆ డీసీతో నిండిపోకుండా రెండు సగాల మధ్య పలుచని కాగితమంత ఖాళీ వదలాలి. ప్రైమరీని, సెకండరీని పొరలు పొరలుగా ఒకదాని మధ్య ఒకటి చుట్టకపోతే పైస్వరాలు చచ్చిపోతాయి. 5,000 ఓమ్‌ల ప్రైమరీని 8 ఓమ్‌ల స్పీకరుకు కుదర్చాలంటే చుట్ల నిష్పత్తి 25కు 1 ఉండాలి. మోటారు చుట్టేవారి చేతిపని నిక్కచ్చిగానే ఉంటుంది కానీ ఈ మూడు విషయాలూ వారి పనిలో తగలవు. కనుక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కిట్ సంస్థ దగ్గరే కొనడం ఉత్తమం. పొదుపు చేయదలిస్తే మరెక్కడైనా చేయవచ్చు.

ప్రమాదం గురించి ఆ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు. ఈ చిన్న ఆంప్‌లో కూడా 350 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా డీసీని నిలకడ చేసే ఫిల్టర్ కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. 16, 8, 8 మైక్రోఫారడ్ల కెపాసిటర్లకు అడ్డంగా 220 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 2 వాట్లది, శాశ్వతంగా అతికిస్తే ఏడేసి సెకన్లకు ఆ వోల్టేజీ మూడో వంతుకు దగ్గరగా పడిపోతుంది, దాదాపు 35 సెకన్లలో 3 వోల్టుల లోపుకు వస్తుంది. కొన్ని కిట్లలో ఇది ఉండదు. కొద్ది రూపాయల ఖర్చుతో పోయేది కాబట్టి తప్పక పెట్టుకోవాలి, పెట్టుకున్నాక కూడా చేయి పెట్టేముందు మీటరుతో కొలవాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చి) ఉందిగా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు: ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైపు కొట్టే షాకు ఆ పరికరానికి తెలియదు. చాసీకి మూడో పిన్ను ఎర్త్ తప్పనిసరి. ఆ ఎర్త్ గోడలోపల నిజంగా నేలదాకా పోతోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. ఫ్యూజు, స్విచ్చి ఫేజ్ తీగలోనే ఉండాలి. పదో తరగతి, ఇంటర్ పిల్లలైతే పక్కన తెలిసినవారు లేకుండా ఆంప్‌కు కరెంటు ఇవ్వకూడదు.

మొదటిసారి కరెంటు ఇచ్చే పద్ధతి మన రేడియో, టీవీ మెకానిక్కులు ఎప్పటి నుంచో పాటిస్తున్నదే: సిరీస్ బల్బు. ఫేజ్ తీగలో వరసగా 60 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు పెట్టాలి. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. మొదట వాల్వులేవీ పెట్టకుండా ఆన్ చేస్తే బల్బు ఆరినట్టే ఉండాలి. నిండుగా వెలిగితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే షార్టు ఉందని అర్థం. సెకండరీ వోల్టేజీలు కొలిచి చూసుకున్నాక మూడు వాల్వులూ కలిపి పెట్టాలి, స్పీకర్ తగిలించి ఉండాలి. ఇక్కడ చాలామంది 5వై3 ఒక్కటే పెట్టి చూద్దామనుకుంటారు. అలా చేస్తే కరెంటు లాగే వాల్వు లేక 325 వోల్టుల సెకండరీ మీద డీసీ 460 దాకా పోతుంది. 450 వోల్టుల కెపాసిటరుకు అది హద్దు దాటడమే. స్పీకర్ లేకుండా వాయించడమూ అంతే తప్పు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లోపల వోల్టేజీ ఎగదన్ని ఇన్సులేషన్ చీలిపోవచ్చు.

ఆంప్ పలికాక కూడా పని అయిపోలేదు. 6వి6 కేథోడ్ పిన్నుకూ చాసీకీ మధ్య కొలిస్తే, ఉదాహరణకు 18 వోల్టులు వచ్చిందనుకుందాం. అక్కడి రెసిస్టర్ 470 ఓమ్‌లు కాబట్టి వాల్వు గుండా పోతున్నది 38 మిల్లీఆంపియర్లు. ప్లేటుకూ కేథోడుకూ మధ్య 310 వోల్టులు ఉంటే వాల్వు మీద పడే భారం దాదాపు 12 వాట్లు. 6వి6జీటీకి పాత లెక్క ప్రకారం హద్దు 12 వాట్లు, తరవాతి లెక్క ప్రకారం 14, కనుక సరిపోయింది. 14 దాటితే 470 బదులు 560 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. ఇంటర్‌లో చదివిన ఓమ్ సూత్రం ఒక్కటి చాలు ఈ లెక్కకు, అందుకే ఈ చిన్న ఆంప్ విద్యార్థికి అంత మంచి పాఠమవుతుంది. హమ్ వస్తే హీటరు తీగలు ఒకదానికొకటి మెలితిప్పి చాసీ మూలకు ఆనించి నడిపారో లేదో, రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయో లేదో చూడాలి.

వాల్వులు ఇంకా దొరుకుతాయా అన్న సందేహం తల్లిదండ్రులకు ఉంటుంది. దొరుకుతాయి. 12ఏఎక్స్7, 6వి6, ఈఎల్84 వంటివి స్లొవేకియాలోని జేజే సంస్థలోనూ, రష్యాలోని సరాతోవ్‌లోనూ, చైనాలోనూ నేటికీ తయారవుతున్నాయి. 2022లో యుద్ధం మూలంగా రష్యా నుంచి వాల్వుల ఎగుమతి కొంతకాలం ఆగినప్పుడు ధరలు పెరిగిన మాట నిజమే, అందుకని కిట్‌తో పాటు ఒక 6వి6 అదనంగా తెప్పించుకోవడం మంచిది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారు చేసింది. ఆ బీఈఎల్ వాల్వులు పాత రేడియో దుకాణాల అరల్లో అప్పుడప్పుడు బయటపడుతుంటాయి, కొత్తవి దొరికితే వదలకండి, వాడినవైతే ఎమిషన్ (వాల్వులో మిగిలిన సత్తువ) పరీక్షించి తీసుకోండి. మన పక్కనే ఉన్న గాదంకిలోని, పై వాతావరణాన్ని పరిశీలించే ఎమ్‌ఎస్‌టీ రాడార్ కూడా మొదట్లో 32 ట్రాన్స్‌మిటర్లలో ట్రయోడ్ వాల్వులతోనే ఆకాశంలోకి సంకేతాలు పంపింది. తరవాత వాటి స్థానంలో సాలిడ్ స్టేట్ మాడ్యూళ్ళు వచ్చాయి. మన జిల్లాకు వాల్వు అంత దూరపు చుట్టమేమీ కాదని గుర్తు చేయడానికే ఈ మాట.

చివరగా పెట్టె విషయం. కిట్‌తో వచ్చే క్యాబినెట్ కొనడం కేవలం రవాణా కంపెనీకి డబ్బు ఇవ్వడమే అవుతుంది. కొలతలు కిట్ పుస్తకంలోనే ఉంటాయి; పైన్ చెక్కతో మన వడ్రంగులు చక్కగా చేసి పెడతారు. శేషాచలం ఎర్రచందనం జపాన్‌లో వాద్యాల తయారీకి వాడతారని విని దానిమీద మనసు పడేవారుంటే, ఆ ఆలోచన వెంటనే మానుకోవాలి. స్పీకరు 4 ఓమ్‌లదా, 8 ఓమ్‌లదా అన్నది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీని బట్టి నిర్ణయించాలి కనుక, ట్రాన్స్‌ఫార్మర్ మీది రాత చూశాకే స్పీకర్ కొనాలి. గిటార్ కోసం చేసిన స్పీకరే కావాలి, కారు స్టీరియోది కాదు. తాను ఎంచుకున్న కిట్ సర్క్యూట్ బొమ్మను, ట్రాన్స్‌ఫార్మర్ వివరాలను డబ్బు కట్టకముందు ఎవరైనా విద్యార్థి మీ కార్యాలయం ద్వారా నాకు పంపితే, చూసి అభిప్రాయం రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.